గొర్రెలు కాసిన పాట్రిక్ పేరున పండుగ

ఐర్లాండ్ ఒక చిన్న దేశం. అది మనకు చాలా దూరం. ఐరోపా ఖండానికి పడమటి చివర, సముద్రం మధ్యలో ఉంటుంది. దాని పక్క దీవిలోనే ఇంగ్లండు ఉంది. ఐర్లాండ్ దీవి మొత్తం కలిపినా మన తెలంగాణ కంటే చిన్నది. అక్కడ ఎండ తక్కువ, వాన ఎక్కువ. ఏడాది పొడుగునా జల్లులు పడుతూనే ఉంటాయి. అందుకే ఎటు చూసినా పచ్చిక బయళ్లే. వాటిలో గొర్రెలు, ఆవులు మేస్తూ కనిపిస్తాయి.

ఆ దేశం వాళ్లని ఐరిష్ వాళ్లు అంటారు. ఏటా మార్చి 17న వాళ్లకు పెద్ద పండుగ. దాని పేరు సెయింట్ పాట్రిక్ డే. సెయింట్ అంటే పునీతుడు. అంటే, పునీతుడైన పాట్రిక్ పేరు మీద చేసుకునే పండుగ అన్నమాట. పాట్రిక్ ఆ రోజునే చనిపోయాడని అక్కడివారి నమ్మకం.

ఈ పండుగ ఐర్లాండ్‌లోనే కాదు, అమెరికాలో జరుగుతుంది. ఆస్ట్రేలియాలో జరుగుతుంది. కెనడాలో జరుగుతుంది. ఎక్కడో ఉన్న చిన్న చిన్న దీవుల్లోనూ జరుగుతుంది. ఒక చిన్న దేశం పండుగ ప్రపంచమంతా ఎలా పాకింది? దాని వెనక సంతోషం ఉంది. కన్నీళ్లూ ఉన్నాయి. ఆ సంగతులు తెలుసుకుందాం.

ఎవరీ పాట్రిక్?

ఇది పదిహేను వందల ఏళ్ల కిందటి మాట. పాట్రిక్ ఐర్లాండ్‌లో పుట్టలేదు. పక్కనున్న బ్రిటన్‌లో పుట్టాడు. వాళ్లది కలిగిన కుటుంబం. ఇంట్లో పనివాళ్లు ఉండేవారు. తాత క్రైస్తవ గురువు. పిల్లవాడికి చదువు చెప్పిస్తున్నారు.

పాట్రిక్‌కి దాదాపు పదహారేళ్లు వచ్చాయి. ఆ సమయంలో సముద్రం మీద దోపిడీగాళ్లు వచ్చారు. ఊళ్ల మీద పడ్డారు. దొరికిన వాళ్లని దొరికినట్టు పట్టుకుపోయారు. వాళ్లలో పాట్రిక్ కూడా ఉన్నాడు. అందరినీ ఐర్లాండ్ తీసుకుపోయి బానిసలుగా అమ్మేశారు.

నిన్నటిదాకా పుస్తకం పట్టిన పిల్లవాడు కర్ర పట్టాడు. యజమాని మందను కాశాడు. వానలో, మంచులో, చలిలో కొండల మీద తిరిగాడు. తెలిసిన మనిషి లేడు. తెలిసిన భాష లేదు. దేవుణ్ణి తలుచుకోవడమే అతనికి మిగిలిన ధైర్యం. ఇలా ఆరేళ్లు గడిచాయి.

ఒక రాత్రి పారిపోయాడు. వందల మైళ్లు నడిచి సముద్రం ఒడ్డుకు చేరాడు. ఓడవాళ్లని బతిమాలి ఎక్కాడు. చివరికి ఇల్లు చేరాడు. పోయాడనుకున్న కొడుకు తిరిగివచ్చాడు. ఇక ఎక్కడికీ వెళ్లొద్దని ఇంట్లోవాళ్లు అన్నారు.

అయినా పాట్రిక్ మళ్లీ ఐర్లాండ్ వెళ్లాడు. ఎందుకు? ఆయనకు ఒక కల వచ్చిందట. కలలో ఒక మనిషి బోలెడు ఉత్తరాలు పట్టుకొచ్చాడు. ఒక ఉత్తరం పాట్రిక్ చేతికిచ్చాడు. అది చదువుతుంటే, తమ మధ్యకు రమ్మని ఐర్లాండ్ జనం పిలుస్తున్నట్టు వినిపించింది. తనను బానిసగా చేసిన దేశానికే ఆయన మతబోధకుడిగా వెళ్లాడు. మిగిలిన జీవితం అక్కడే గడిపాడు.

ఇదంతా మనకెలా తెలిసింది? పాట్రిక్ స్వయంగా రాసి పెట్టాడు. తన జీవితం గురించి లాటిన్ భాషలో ఒక చిన్న పుస్తకం రాశాడు. ఐర్లాండ్‌లో పుట్టిన రాతల్లో నేటికీ మిగిలిన అతి పాతవాటిలో అది ఒకటి. ఆ పుస్తకంలో ఆయన ఒక సంగతి దాచకుండా చెప్పాడు. తన చదువు మధ్యలో ఆగిపోయిందనీ, తనకు సరిగా రాయడం రాదనీ చెప్పాడు. పెద్ద చదువులు చదివినవాళ్లు నవ్వుతారేమోనని ఎన్నాళ్లో వెనకాడానని చెప్పాడు. చివరికి సిగ్గు పక్కన పెట్టి రాశాడు.

ఆనాటి పెద్ద పండితులు ఎందరి పేర్లో ఇవాళ ఎవరికీ తెలియవు. పాట్రిక్ రాసిన మాటలు మాత్రం ఉన్నాయి. సుమారు 1,200 ఏళ్ల కిందట చేత్తో రాసిన దాని నకలు ఒకటి డబ్లిన్ నగరంలోని ట్రినిటీ కాలేజీలో ఇప్పటికీ భద్రంగా ఉంది.

పాములు, పులిచింత ఆకులు

గొప్పవాళ్ల చుట్టూ కథలు అల్లుకుంటాయి. పాట్రిక్ చుట్టూ కూడా అలాగే అల్లుకున్నాయి.

ఒక కథ ఇది. పాట్రిక్ కొండ ఎక్కి ఐర్లాండ్‌లోని పాములన్నిటినీ సముద్రంలోకి తరిమేశాడట. అందుకే ఆ దేశంలో పాములు లేవని చెబుతారు. అక్కడ పాములు లేని మాట నిజమే. కానీ కారణం వేరు. ఒకప్పుడు ఆ దీవిని మంచు కప్పేసింది. అంత చలిలో పాములు బతకవు. మంచు కరిగిన తర్వాత చుట్టూ సముద్రం వచ్చింది. పాములు ఈదుకుంటూ అంత దూరం రాలేకపోయాయి. అంటే పాట్రిక్ వచ్చేసరికే అక్కడ పాములు లేవు.

ఇంకో కథ ఆకు గురించి. ఐర్లాండ్ పచ్చికలో షామ్‌రాక్ అనే చిన్న మొక్క ఉంటుంది. మన పొలం గట్ల మీద పులిచింత మొక్క ఉంటుంది కదా! చూడడానికి అలాగే ఉంటుంది. ఒక కాడకు మూడు ఆకులు. తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ముగ్గురూ ఒక్క దేవుడే అని క్రైస్తవులు నమ్ముతారు. ఆ సంగతి చెప్పడానికి పాట్రిక్ ఈ ఆకును చూపించాడని కథ. పాట్రిక్ రాతల్లో ఈ మాట ఎక్కడా లేదు. ఆయన తర్వాత ఎన్నో వందల ఏళ్లకు ఇది రాతలోకి ఎక్కింది. అయినా జనానికి ఆ ఆకంటే ప్రేమ. పండుగ రోజు పొద్దున్నే ఒక రెమ్మ కోసి చొక్కాకు గుచ్చుకుంటారు. మనం ఉగాదికి మామిడాకులు వెతికినట్టే వాళ్లు షామ్‌రాక్ కోసం వెతుకుతారు.

ఊళ్లో పండుగ

ఐర్లాండ్‌లో మార్చి 17 సర్కారు సెలవు. 1903లో దీనికి చట్టం చేశారు. అప్పుడు ఐర్లాండ్ కూడా మనలాగే బ్రిటిష్ వాళ్ల పాలనలో ఉండేది.

పాతకాలంలో ఇది ముఖ్యంగా భక్తి పండుగ. పొద్దున్నే ఇంటిల్లిపాదీ చర్చికి వెళ్లేవారు. ఈస్టరుకు ముందు క్రైస్తవులు నలభై రోజులు ఉపవాస నియమాలు పాటిస్తారు. ఈ పండుగ ఆ రోజుల మధ్యలోనే వస్తుంది. ఆ ఒక్కరోజు నియమాలు సడలించేవారు. ఇంట్లో మాంసం వండేవారు. పిల్లలకు మిఠాయి దొరికేది. అందుకే పిల్లలు ఈ రోజు కోసం వేళ్లమీద లెక్కపెట్టుకునేవారు. కాగితాలు కత్తిరించి, రంగులు వేసి, గుండె మీద పెట్టుకునే బిళ్లలు తయారు చేసుకునేవారు.

ఇప్పుడు భక్తితో పాటు ఊరేగింపు పెద్ద ఆకర్షణ. చిన్న ఊళ్లో కూడా ఊరేగింపు ఉంటుంది. ముందు బ్యాండు మేళం నడుస్తుంది. వెనక బడిపిల్లలు, ఆటల జట్లు, రైతుల ట్రాక్టర్లు, నిప్పులార్పే బండి వస్తాయి. చూసేవాళ్లు రోడ్డుకు రెండు వైపులా నిలబడతారు. ఊరేగింపులో నడిచేది తమ పిల్లలే. చూసేదీ తమవాళ్లే. తెలిసిన ముఖం కనబడగానే పేరుపెట్టి కేక వేస్తారు. మార్చి నెలలో అక్కడ చలి పోదు. వాన ఎప్పుడైనా పడొచ్చు. తడుస్తూనే నడుస్తారు. తడుస్తూనే చూస్తారు.

రాజధాని డబ్లిన్‌లో 1996 నుంచి ఈ పండుగను ఉత్సవంగా కొన్ని రోజులపాటు చేస్తున్నారు. లక్షల మంది వస్తారు. కరోనా వల్ల 2020, 2021 సంవత్సరాల్లో డబ్లిన్ ఊరేగింపు జరగలేదు. 2022లో జనం మళ్లీ వీధుల్లోకి వచ్చారు.

పండుగ పూట ఇంట్లో పందిమాంసం, క్యాబేజి, బంగాళాదుంపలు ఉడికించుకుంటారు. సోడాపొడి కలిపి రొట్టె కాలుస్తారు. ఖరీదైన వంటలేమీ కావు. రైతు ఇంట్లో దొరికే వస్తువులే.

ఊరు విడిచినవారి పండుగ

ఇంత చిన్న దేశం పండుగ అన్ని దేశాలకు ఎలా వెళ్లింది? మనుషులతో పాటు వెళ్లింది. మనుషులు ఎందుకు వెళ్లారు? చాలామంది ఆకలి వల్ల వెళ్లారు.

రెండు వందల ఏళ్ల కిందట ఐర్లాండ్‌లో భూమి చాలావరకు కొద్దిమంది భూస్వాముల చేతుల్లో ఉండేది. పేదవాళ్లు చిన్న చిన్న ముక్కలు కౌలుకు చేసేవారు. ఆ కొద్ది నేలలో కడుపు నింపే పంట ఒక్కటే. అదే బంగాళాదుంప, అంటే ఆలుగడ్డ. పేదవాళ్లు మూడు పూటలా అదే తినేవారు.

1845లో ఆ పంటకు తెగులు తగిలింది. ఆకులు నల్లబడ్డాయి. దుంపలు భూమిలోనే కుళ్లిపోయాయి. మరుసటి ఏడాదీ అంతే. ఈ కరువు 1852 వరకు సాగింది. సుమారు పది లక్షల మంది ఆకలితో, రోగాలతో చనిపోయారు. అదే సమయంలో దేశంలో పండిన ధాన్యం, పశువులు ఓడల్లో ఇంగ్లండుకు పోతూనే ఉన్నాయి. తెగులు ప్రకృతి తెచ్చింది. కానీ అంతమంది చావుకు పాలన కూడా కారణమని ఐరిష్ వాళ్లు నేటికీ బాధపడతారు.

పది లక్షల మందికి పైగా దేశం విడిచిపోయారు. ఎక్కువమంది అమెరికాకు ఓడలెక్కారు. ఆ ఓడల్లో చోటు లేదు. సరైన తిండి లేదు. జ్వరాలు వచ్చి దారిలోనే ఎందరో చనిపోయారు. అందుకే వాటికి శవపేటికల ఓడలని పేరు వచ్చింది.

ఆ రోజుల్లో ఒక ఆచారం ఉండేది. ఇంట్లో ఎవరైనా చనిపోతే బంధువులు రాత్రంతా జాగారం చేసేవారు. అమెరికా వెళ్లే కొడుకు కోసం, కూతురి కోసం కూడా అలాగే జాగారం చేసేవారు. మనిషి బతికే ఉన్నాడు. అయినా మళ్లీ చూస్తామన్న ఆశ లేదు. తెల్లవార్లూ పాటలు, ఏడుపులు. తెల్లారితే ప్రయాణం.

1841లో ఐర్లాండ్ దీవి జనాభా 80 లక్షలు దాటి ఉండేది. ఇప్పుడు దీవి మొత్తం జనాభా సుమారు 70 లక్షలు. అంటే దాదాపు రెండు వందల ఏళ్లు గడుస్తున్నా ఆ దీవి అప్పటి జనాభాను అందుకోలేదు. మరోవైపు అమెరికాలో తాము ఐరిష్ సంతతి వాళ్లమని చెప్పుకునేవారు మూడు కోట్ల మందికి పైగా ఉన్నారు.

అమెరికాలో వాళ్లకు పూలదండలు ఎదురు రాలేదు. ఐరిష్ వాళ్లకు పని లేదని పత్రికల్లో ప్రకటనలు వేసేవారు. వాళ్ల మతాన్ని ఎగతాళి చేసేవారు. మగవాళ్లు కాలువలు తవ్వారు, రైలు పట్టాలు వేశారు. ఆడవాళ్లు ఇళ్లలో పనికి కుదిరారు. సంపాదించిన దాంట్లో కొంత ఇంటికి పంపారు.

అలాంటివాళ్లకు మార్చి 17 ఎంతో ముఖ్యమైన రోజు అయింది. ఏడాదిలో ఆ ఒక్కరోజు తలెత్తుకుని నడివీధిలో నడిచేవారు. తాము కూడా ఉన్నామని, ఎక్కువమందే ఉన్నామని చూపించేవారు. న్యూయార్క్ నగరంలో ఈ ఊరేగింపు 1762లోనే మొదలైంది. అప్పటికి అమెరికాకు స్వాతంత్ర్యం కూడా రాలేదు. కరువు తర్వాత అది ఎంతో పెద్దదయింది. ఇప్పుడు లక్షమందికి పైగా అందులో నడుస్తారు. షికాగో నగరంలో 1962 నుంచి పండుగకు నది నీళ్లలో రంగు కలిపి పచ్చగా చేస్తున్నారు.

ఇంటి దగ్గర ఉన్న తల్లి మాత్రం ఇంకోలా పండుగ చేసేది. షామ్‌రాక్ రెమ్మలు కోసి చిన్న పెట్టెలో పెట్టేది. దూరదేశంలో ఉన్న బిడ్డలకు తపాలాలో పంపేది. అక్కడికి చేరేసరికి ఆకులు వాడిపోయేవి. అయినా బిడ్డలు వాటినే గుండెకు గుచ్చుకునేవారు. అది తమ ఊరి మట్టిలో పెరిగిన ఆకు కదా!

ఆ ఆకు ఇప్పుడు పెద్ద పెద్ద చోట్లకూ వెళ్తోంది. 1952లో అమెరికాలోని ఐర్లాండ్ రాయబారి ఆ దేశాధ్యక్షుడు ట్రూమన్‌కు ఒక పెట్టెలో షామ్‌రాక్ పంపాడు. అదే తర్వాత ఆనవాయితీ అయింది. ఐర్లాండ్ ప్రధాని అమెరికా వెళ్లి అధ్యక్షుడికి గిన్నెడు షామ్‌రాక్ ఇస్తారు. ఆ వంకతో రెండు దేశాల మంచి చెడ్డలు మాట్లాడుకుంటారు.

తాగుడు గొడవ

పండుగ అనగానే కొందరికి సీసా గుర్తొస్తుంది. అక్కడా అంతే. ఐర్లాండ్‌లో పబ్‌లు అనే మద్యం దుకాణాలు ఉంటాయి. ఊరివాళ్లు అక్కడ చేరి కబుర్లు చెప్పుకుంటారు. పాటలు పాడుకుంటారు. తాగుతారు. పండుగ రోజు మరీ ఎక్కువగా తాగుతారు.

ఒకప్పుడు అలా ఉండేది కాదు. పాట్రిక్ పండుగ పవిత్రమైన రోజని, ఆ రోజు పబ్‌లు మూసెయ్యాలని 1927లో చట్టం చేశారు. ముప్పై ఏళ్లకు పైగా అది నడిచింది. డబ్లిన్‌లో ఆ రోజు కుక్కల ప్రదర్శన జరిగేది. అక్కడ మాత్రం మద్యం దొరికేది. దాంతో కుక్కలంటే ఏమీ తెలియని వాళ్లకు కూడా ఆ రోజు కుక్కల మీద ఎక్కడలేని ప్రేమ పుట్టేదని ఐరిష్ వాళ్లు నవ్వుకుంటూ చెబుతారు. 1960లో చట్టం మార్చారు. పండుగ రోజు పబ్‌లు తెరుచుకున్నాయి.

ఇప్పుడు పండుగ పేరు చెప్పి సారాయి వ్యాపారం జోరుగా సాగుతుంది. ఇతర దేశాల్లో బీరులో పచ్చ రంగు కలిపి అమ్ముతారు. ఐరిష్ వాళ్లంటే తాగుబోతులు అన్నట్టు టోపీల మీద, చొక్కాల మీద బొమ్మలు వేస్తారు. ఇది చూసి చాలామంది ఐరిష్ వాళ్లు నొచ్చుకుంటారు. ఆకలికి ఊరు విడిచినవాళ్ల పండుగను తాగుబోతుల పండుగగా చేశారని బాధపడతారు. సాయంత్రం అయ్యేసరికి పిల్లలతో వీధిలోకి రాలేకపోతున్నామని తల్లులు అంటారు.

తాగుడు మీద పోరాటం ఆ దేశానికి కొత్త కాదు. 1838లో ఫాదర్ మాథ్యూ అనే గురువు కార్క్ నగరంలో ఉద్యమం మొదలుపెట్టాడు. లక్షల మంది ఇక తాగమని ఒట్టు పెట్టుకున్నారు. 2022 జనవరిలో అక్కడి ప్రభుత్వం ఒక కొత్త నియమం తెచ్చింది. మద్యానికి ఒక కనీస ధర పెట్టింది. అంతకంటే చవకగా ఎవరూ అమ్మకూడదు. మద్యం మరీ చవకైతే ఇళ్లు గుల్లవుతాయని వాళ్లు గ్రహించారు. పండుగ రోజున మద్యం లేని ఆటపాటలు కూడా కొన్నిచోట్ల ఏర్పాటు చేస్తున్నారు.

ఒకే పండుగ, రకరకాల మనసులు

ఐర్లాండ్ అంటే పచ్చరంగు అనుకుంటాం. కానీ ఒకప్పుడు పాట్రిక్‌ను నీలం రంగుతో కూడా గుర్తుపట్టేవారు. బ్రిటిష్ పాలన మీద 1798లో పెద్ద తిరుగుబాటు జరిగింది. ఆ పోరాటంతో పచ్చరంగు దేశభక్తికి గుర్తయింది. పచ్చ గుడ్డ కట్టుకోవడం అంటే స్వాతంత్ర్యం కావాలని చెప్పడమే.

ఆ స్వాతంత్ర్య పోరాటానికి మనవాళ్లలో ఒకరికి సంబంధం ఉంది. ఆయనే వి. వి. గిరి. తర్వాత ఆయన మన రాష్ట్రపతి అయ్యారు. గిరిగారు 1913లో న్యాయశాస్త్రం చదవడానికి డబ్లిన్ వెళ్లారు. అక్కడి పోరాటం చూశారు. 1916లో ఈస్టరు పండుగ రోజుల్లో డబ్లిన్‌లో తిరుగుబాటు జరిగింది. ఆ తర్వాత ఆయన అక్కడ ఉండడానికి వీల్లేక తిరిగి వచ్చేశారు.

1921లో ఐర్లాండ్ రెండుగా చీలింది. దక్షిణ భాగానికి 1922లో సొంత పాలన వచ్చింది. ఉత్తర భాగం బ్రిటన్‌లోనే ఉండిపోయింది. ఉత్తరాన రెండు వర్గాల మధ్య ముప్పై ఏళ్ల పాటు గొడవలు జరిగాయి. మూడున్నర వేల మందికి పైగా చనిపోయారు. 1998లో శాంతి ఒప్పందం కుదిరింది. అక్కడ కూడా మార్చి 17 సెలవే. కానీ జెండాలు, పచ్చరంగు చూసి కొందరు ఇది తమ పండుగ కాదనుకునేవారు. ఇప్పుడు పాట్రిక్ అందరివాడని చెప్పే ప్రయత్నం జరుగుతోంది. ఆయన కాలానికి క్రైస్తవుల్లో కేథలిక్, ప్రొటెస్టెంట్ అనే తేడా లేనే లేదు. ఆయన సమాధి ఉందని చెప్పే డౌన్‌పాట్రిక్ ఊరు ఉత్తర భాగంలోనే ఉంది.

భాష గురించి కూడా ఈ పండుగకు ఒక తపన ఉంది. ఐర్లాండ్‌కు సొంత భాష ఉంది. దాన్ని ఐరిష్ భాష అంటారు. పరాయి పాలనలో, కరువులో అది చిక్కిపోయింది. పిల్లలు అమెరికాలో బతకాలంటే ఇంగ్లీషే కావాలని తల్లిదండ్రులే అనుకున్నారు. 2022 జనాభా లెక్కల్లో 18 లక్షల మందికి పైగా తమకు ఐరిష్ వచ్చని చెప్పారు. కానీ బడి బయట రోజూ మాట్లాడేవారు సుమారు 72 వేల మందే. అందుకే ఏటా మార్చి 1 నుంచి పాట్రిక్ పండుగ దాకా ఐరిష్ భాషా ఉత్సవం చేస్తారు. వచ్చిన నాలుగు మాటలైనా సిగ్గుపడకుండా మాట్లాడమని చెబుతారు.

దీవిలో బానిసల తిరుగుబాటు

కరీబియన్ సముద్రంలో మాంట్‌సెరాట్ అనే చిన్న దీవి ఉంది. అక్కడా మార్చి 17 సెలవే. దాని కథ మాత్రం వేరు.

ఐర్లాండ్ నుంచి వెళ్లిన కొందరు ఆ దీవిలో చెరకు తోటల యజమానులయ్యారు. ఆఫ్రికా నుంచి తెచ్చిన మనుషుల్ని బానిసలుగా పెట్టుకున్నారు. 1768లో ఆ బానిసలు తిరగబడాలని అనుకున్నారు. దానికి పాట్రిక్ పండుగ రోజునే ఎంచుకున్నారు. ఆ రోజు దొరలు విందుల్లో మునిగి ఉంటారు కదా! కానీ విషయం ముందే బయటపడింది. తొమ్మిది మందిని ఉరితీశారు.

ఇప్పుడు ఆ దీవి జనం మార్చి 17న వాళ్లని తలుచుకుంటారు. పచ్చ బట్టలు కడతారు. ఆఫ్రికా డప్పులు వాయిస్తారు. పాట్రిక్ కూడా ఒకప్పుడు బానిసే. ఒక సైనిక నాయకుడి మనుషులు తన దగ్గర కొత్తగా బాప్తిస్మం తీసుకున్నవాళ్లని చంపి, మిగిలినవాళ్లని బానిసలుగా పట్టుకుపోతే, పాట్రిక్ మండిపడి ఉత్తరం రాశాడు. దాన్ని నలుగురిలో గట్టిగా చదివి వినిపించమన్నాడు. అలాంటి మనిషి పండుగ చేసుకుంటూనే ఐరిష్ దొరలు బానిసల్ని ఉంచుకున్నారు. బాధ పడినవాళ్లే సందు దొరికితే ఇంకొకరిని బాధ పెట్టగలరని ఈ దీవి కథ చెబుతుంది.

కొత్తగా వచ్చినవాళ్లు

ఇప్పుడు ఐర్లాండ్ పేద దేశం కాదు. ఒకప్పుడు అక్కడినుంచి జనం బయటికి పోయేవారు. ఇప్పుడు బయటినుంచి అక్కడికి వస్తున్నారు. పోలండ్ వాళ్లు, నైజీరియా వాళ్లు, బ్రెజిల్ వాళ్లు ఉన్నారు. భారతీయులు వేల సంఖ్యలో ఉన్నారు. వారిలో తెలుగువారూ ఉన్నారు. ఆసుపత్రుల్లో నర్సులుగా, డాక్టర్లుగా, కంప్యూటర్ కంపెనీల్లో ఉద్యోగులుగా పనిచేస్తున్నారు. ఊరేగింపుల్లో చీరలు కట్టుకున్న ఆడవాళ్లు, డప్పులు, నాట్యాలు కూడా కనిపిస్తాయి. ముంబయి నుంచి వెళ్లిన ఒక డాక్టరుగారి కొడుకు లియో వరాద్కర్ రెండుసార్లు ఐర్లాండ్ ప్రధాని అయ్యారు.

అయితే అంతా సాఫీగా లేదు. 2025 వేసవిలో డబ్లిన్‌లోనూ మరికొన్ని చోట్లా కొందరు భారతీయుల మీద దాడులు జరిగాయి. అప్పటి దేశాధ్యక్షుడు మైఖేల్ హిగ్గిన్స్ వాటిని ఖండించారు. భారతీయులు తమ దేశానికి ఎంతో మేలు చేస్తున్నారని గుర్తు చేశారు. వలస పోయిన బాధ ఐరిష్ వాళ్లకు తెలిసినంతగా ఎవరికి తెలుసు? తమ తాతముత్తాతలకు అమెరికాలో జరిగిన అవమానం తమ గడ్డ మీద ఇంకొకరికి జరగకూడదని అక్కడ చాలామంది అంటున్నారు. నిజానికి పాట్రిక్ కూడా పరాయి దేశం నుంచి వచ్చినవాడే. బలవంతంగా తెచ్చిన మనిషి. ఆయన్నే ఆ దేశం తన సొంతం చేసుకుంది.

పండుగలు అలాగే ఉండిపోవు. కాలాన్ని బట్టి మారతాయి. ఒకరికి ఈ రోజు భక్తి. ఒకరికి ఊరి జ్ఞాపకం. ఒకరికి పోరాటం. ఒకరికి ఆటవిడుపు. ఒకరికి వ్యాపారం. వీటిలో ఏది పెరగాలో, ఏది తగ్గాలో ఆ పండుగ చేసుకునే జనమే తేల్చుకోవాలి. ఐర్లాండ్‌లో ఆ మాటలు ఇంకా నడుస్తూనే ఉన్నాయి.

పాట్రిక్ దగ్గర సైన్యం లేదు. పెద్ద చదువూ లేదు. మధ్యలో ఆగిన చదువుతోనే తన బతుకు తాను రాసుకున్నాడు. అన్యాయం జరిగితే ఉత్తరం రాశాడు. ఆ రాతలు ఉన్నాయి కాబట్టే కథల్లో పాట్రిక్ ఎవరో, నిజం పాట్రిక్ ఎవరో ఈ రోజు తెలుసుకోగలుగుతున్నాం.

ఆలోచించండి, నలుగురితో మాట్లాడండి

1. పాట్రిక్ తన చదువు గురించి ఎందుకు సిగ్గుపడ్డాడు? అయినా ఎందుకు రాశాడు?

2. పంటకు తెగులు తగలడం వేరు, జనం ఆకలితో చావడం వేరు. ఈ రెండిటికీ తేడా ఏమిటి?

3. మీ ఊరినుంచి పనికోసం దూరం వెళ్లినవాళ్లు ఎవరున్నారు? పండుగకు వాళ్లకు మీరేం పంపుతారు? వాళ్లకు ఒక ఉత్తరం రాయండి.

4. మీ ఊరి పండుగల్లో మీ చిన్నప్పటికీ ఇప్పటికీ ఏం మారింది? ఏది మళ్లీ రావాలి? ఏది పోవాలి?